తటాకముల యోగక్షేమములు

ఈ మధ్య విశ్వవిద్యాలయములందు జరుగుచున్న సదస్సులలో 'సుస్థిరత' యను మాట వినబడని పూట లేదు. 1987లో బ్రంట్‌లాండు సంఘము తన నివేదికలో, రాబోవు తరముల అవసరములకు భంగము రాకుండ నేటి అవసరములను తీర్చుకొనుటయే తగిన అభివృద్ధి యని నిర్వచించినది మొదలు ఈ భావము లోకమంతట వ్యాపించినది. మన పత్రికలవారు దానికి 'సుస్థిరాభివృద్ధి' యని పేరు పెట్టిరి. మాట వినసొంపుగనే యున్నది గాని అందలి 'స్థిర' శబ్దము నాకు చాలకాలముగ రుచించుట లేదు. స్థిరమనగా కదలనిది. మనము నిలుపుకొనదలచిన చెరువు గాని, పొలము గాని, అడవి గాని కదలనివి కావు. ఏటేట పూడుచు, ఏటేట త్రవ్వబడుచు, గండి పడుచు, ఆ గండి మరల పూడ్చబడుచు ఉండుటచేతనే ఒక చెరువు ఆరువందల యేండ్లు నిలుచును. ఎవరును ముట్టక విడిచిన చెరువు కొన్ని దశాబ్దములలో కంపచెట్ల బీడగును.

ఈ విషయమును చెప్పుటకు ఇంతకంటె తగిన మాట మన నిత్యవ్యవహారములోనే కలదు. ఉత్తరములు వ్రాయు అలవాటున్న దినములలో 'యోగక్షేమములు తెలుపగలరు' అని వ్రాయనివారు లేరు. ఆ సమాసమును విడదీసి ఆలోచించినవారు తక్కువ. లేనిదానిని సంపాదించుట యోగము, సంపాదించినదానిని కాపాడుకొనుట క్షేమమని వ్యాఖ్యాతలందఱును చెప్పుదురు. ఈ రెండును వేఱు వేఱు పనులు. వీనికి కావలసిన గుణములును వేఱు. యోగమునకు ధనము, ఉత్సాహము, ఒక శుభముహూర్తము చాలును. క్షేమమునకు ముహూర్తము లేదు. అది నేడు చేసి రేపు మానవీలుగాని పని. దానికి శిలాఫలకము వేయరు, దండ వేయరు.

మానవశాస్త్రజ్ఞులు ఒక ఊరికి పోయి అక్కడి వృక్షజలాదులను లెక్కించుటతో తృప్తిపడరు. జనులు తెల్లవారిన దాది ఆ నీటితో, ఆ చెట్టుతో, ఆ మట్టితో ఏమి చేయుచున్నారో, ఏ పని ఎవరి వంతు అయినదో, ఏ పని ఎప్పుడు ఎందుకు మానుకొనిరో చూచుదురు. వారు నిత్యజీవితమని చెప్పునది నా బుద్ధికి క్షేమమే. తెలుగుదేశపు చెరువులు చెడుటకు ముఖ్యకారణము క్షేమము చేయువారిని మనము పోగొట్టుకొనుట. వానిని బాగుచేయబూనిన ప్రభుత్వములు మరల యోగమునే చేయుచున్నవి. ఈ విషయములో మన శాస్త్రములును, వానిని చదువుకొన్న మనమును నిర్దోషులము కాము. నేను చెప్పదలచినది ఇంతియే.

మొదట మన సంగతి. ప్రాచ్యవిద్యా సమావేశములలో 'వేదములలో పర్యావరణము' అను వ్యాసము లేని సంవత్సరము నాకు గుర్తు లేదు. అథర్వవేదములోని భూమిసూక్తము నుండి నాలుగు మంత్రములు, ఈశోపనిషత్తునుండి ఒకటి, వృక్షములను పుత్రులతో పోల్చు పురాణశ్లోకములు రెండు – వీనిని వరుసగ పేర్చి, మన పూర్వులకు అన్నియు తెలిసియుండెనని ముగింతురు. మంత్రముల మహత్త్వమును నేను శంకించుట లేదు. అవి నాకు కంఠస్థములు, నిత్యపారాయణములు. కాని భూమిని తల్లి యని స్తుతించినంత మాత్రమున ఏ చెరువు పూడికయు తనంతట తరలిపోలేదు. సూక్తము చదివిన ఊరిలోనే చెరువు ఎండిపోవుట నేను చూచితిని. సూక్తము ఎన్నడును వినని ఊరిలో చెరువు నిండుగ ఉండుటయు చూచితిని. ఆ భేదమునకు కారణమేమని అడుగని పరిశోధన పరిశోధన కాదు.

స్తుతివాక్యములకంటె మనకు ఎక్కువ ఉపయోగపడునది కడప జిల్లా పోరుమామిళ్లలోని సంస్కృత శాసనము. శకవర్షము 1291, అనగా క్రీస్తుశకము 1369లో, విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి నేలుచుండిన భాస్కరుడు, నామాంతరము భవదూరుడు, అక్కడ పెద్ద చెరువు కట్టించి దానిని వేయించెను. శాసనపరిష్కర్తయగు సుక్థంకర్ దీనిని ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటములో ప్రకటించెను. దినమునకు 1,000 మంది కూలివారు, ఱాళ్లు తోలుటకు 100 బండ్లు, పని పూర్తియగుటకు 2 సంవత్సరములు – ఇట్టి లెక్కలు ఇచ్చిన శాసనములు అరుదు. కట్ట పొడవు 5,000 రేఖాదండములని కూడ చెప్పినది. అంతకంటె విలువైనది, చెరువునకు ద్వాదశాంగములను, షడ్దోషములను అది విస్తరించి చెప్పుట.

ఆ అంగములను నా మాటలలో చెప్పెదను. ధర్మవంతుడు, ధనవంతుడు, కీర్తికాముడు అగు రాజు; జలశాస్త్రము తెలిసిన బ్రాహ్మణుడు; గట్టి బంకమన్నుగల నేల; దూరమునుండి తీయని నీరు తెచ్చు నది; చెరువును తాకుచుండు కొండ; ఆ కొండభాగముల నడుమ, మిక్కిలి పొడవుగాక, దృఢముగ ఱాతితో కట్టిన కట్ట; పంటభూమికి పెడగ తిరిగిన రెండు కొనలు; లోతును వైశాల్యమును గల గర్భము; నిడుపైన తిన్నని ఱాళ్లు దొరకు గని; చుట్టును సమతలమై ఫలవంతమైన పొలము; కొండనానుకొని నీరు వెలువడు మార్గము; కట్టుబడి పనిలో నేర్పరులగు జనసమూహము. దోషములు ఆఱు: కట్టనుండి నీరు ఊరుట, చవుటినేల, రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట, గర్భమధ్యమున తాబేటి వీపువంటి మెట్ట, నీరు స్వల్పమై తడుపవలసిన భూమి విస్తారమగుట, స్థలము స్వల్పమై నీరు అధికమగుట.

ఇంజనీర్లకు ఈ పట్టికను చూపగా వారు దీనిలో ఆక్షేపింపదగినది ఏమియు లేదనిరి. నాకు ఆశ్చర్యము గొలిపినది వేఱొకటి. ఈ పండ్రెండింటిలో మొదటిది రాజు, రెండవది పండితుడు, కడపటిది పనివారు. మనుష్యులు ఉండవలసిన తావులు ఈ మూడే. మూడును కట్టించుటకు, కట్టుటకు సంబంధించినవి. రెండేండ్లు గడచి, వేయిమంది కూలివారు ఇండ్లకు పోయిన పిమ్మట చెరువును చూచువాడు ఎవడు? తూము తెఱచువాడు ఎవడు? కట్టపై చీమలపుట్టను, ఎలుకబొరియను వర్షమునకు ముందే కనిపెట్టువాడు ఎవడు? అంగములలో వానికి చోటు లేదు. ఆ చెరువు నేటికిని ఉన్నది. దాని క్రింద ఆరువందల యేబది యేండ్లుగ పైరు పండుచున్నది. దానిని అంతకాలము నిలిపినది పదుమూడవ అంగము.

శాస్త్రములో క్షేమచింత అసలే లేదనుట నా ఉద్దేశము కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము తృతీయాధికరణములో స్పష్టముగ నున్నది. క్రొత్తగ చెరువు కట్టినవానికి 5 సంవత్సరములు పన్ను మినహాయింపు. చెడి విడువబడినదానిని బాగుచేసినవానికి 4. పొదలు పెరిగి కప్పివేసినదానిని శుభ్రపఱచినవానికి 3. ఆపద లేకయే అయిదేండ్లు వాడక విడిచిన చెరువుపై యజమానికి స్వామ్యము పోవును. తూముగాక వేఱుచోట నీరు వదలినవానికి దండనము. నిర్లక్ష్యమును నేరముగ చూచిన దృష్టి ఇది. విష్ణుస్మృతి కూడ చెడిన చెరువును, బావిని బాగుచేసినవానికి మొదట కట్టించినవాని ఫలమే కలుగునన్నది. అయినను మన దేశమున లోకము పొగడినది కట్టించినవారినే. సప్తసంతానములలో తటాకమును చేర్చిరి. దాని మరమ్మతు ఏ సంతానము క్రిందికిని రాలేదు. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున ధర్మకీర్తిసముద్రమును త్రవ్వించినది. ఆమె పేరు, వంశము శాసనమున నిలిచినవి. ఆ చెరువునకు తరతరముగ కాపున్నవాని పేరు ఏ ఱాతిపైనను నేను చదువలేదు.

వానిని రాయలసీమలో నీరుగంటి యందురు, తెలంగాణలో నీరటి యందురు. పాఠశాలలో అమరకోశము వారివర్గమును వల్లించినవారెల్లరు తటాకమునకు, కాసారమునకు, పల్వలమునకు, వేశంతమునకు భేదము చెప్పగలరు. నావికునకు, కర్ణధారునకు, జాలరికి పేర్లు అందే కలవు. మడవ తిప్పువానికి పేరు నాకు అక్కడ కనబడలేదు. సముద్రముపై పోవువాడు కోశములోనికి వచ్చెను. ఊరి చెరువు కాచువాడు రాలేదు.

వాడు చేసిన పని సామాన్యమైనది కాదు. వానకారు ప్రారంభమునకు ముందు చెరువులోనికి నీరు తెచ్చు వాగులను, కాలువలను నడచి చూచి, ఎక్కడ పూడెనో పెద్దలకు చెప్పవలెను. నీరు ఎంత వచ్చినదో కట్టపై నిలిచి చూచి, ఈ యేడు ఎంత ఆయకట్టునకు నాట్లు వేయవచ్చునో అంచనా చెప్పవలెను. కఱవు సంవత్సరమున ఎవరి మడి ఎంత ఎండవలెనో నిర్ణయించుట అంతకంటె కష్టము. రాత్రులు తూముకడ పండుకొనవలెను. మునుగునంత నీటిలోనికి దిగి తూము బిరడాను లాగవలెను. ప్రాణములు పోగొట్టుకొన్నవారు కలరు. గాలివాన రాత్రి కట్టపై దివిటీతో తిరిగి, నీరు ఊరుచున్నచోట గడ్డిమోపులు, మట్టితట్టలు వేయింపవలెను. శాసనకర్త చెప్పిన మొదటి దోషమును శాస్త్రము చదువకయే కంటితో, కాలితో పట్టుకొన్నవాడు వాడే. దీనికి ప్రతిఫలము కళ్లమునొద్ద కొలిచి పెట్టు మేర, కొన్నిచోట్ల కొంచెము ఇనాము భూమి.

చాల గ్రామములలో ఈ పని దళిత కుటుంబములది. ఆయకట్టులో స్వంతభూమి లేనివాడు పక్షపాతము లేక నీరు పంచునని పెద్దలు దానికి కారణము చెప్పుదురు. వినుటకు న్యాయముగనే యుండును. కాని ఆ మాటను రెండవ మాఱు వినినచో అందలి నిష్ఠురత తెలియును: నీరు పంచువాడు నీటిలో భాగము లేనివాడు కావలెను. నేను చదువుకొన్న ఊరిలో, పాఠశాల విద్యార్థులము తెల్లవారుజామున స్నానము చేయు రేవు వేఱు, తూమును కాచువాని ఇంటివారు నీరు ముంచుకొను తావు వేఱు. మా రేవు కట్టకు ఎగువన, నీరు తేటగ ఉన్నచోట. ఇది ఆ ఊరి వింత కాదు, దేశమంతటను ఇంతే. కావున 'పూర్వము గ్రామమంతయు ఒక కుటుంబమువలె చెరువును కాపాడుకొనుచుండెను' అని వ్రాయువారు ఆ కుటుంబములో భోజనమునకు కూర్చున్నవారెవరు, బయట నిలిచినవారెవరు అని కూడ వ్రాయవలెను.

మానవశాస్త్రము నుండి మనము నేర్వవలసినది ఈ కఠినదృష్టినే. శ్యామాచరణ దూబే హైదరాబాదునకు సమీపమునందలి శామీర్‌పేటను పరిశీలించి 1955లో ప్రకటించిన 'ఇండియన్ విలేజ్' అను గ్రంథమును తెలుగు పండితులు తప్పక చదువవలెను. ఏ కులమువారు ఏ పని చేయుచుండిరి, ఎవరికి ఎవరు ఎంత ధాన్యము కొలుచుచుండిరి అనునది అందు చదివిన, ఊరనగా ఏమో తెలియును. డేవిడ్ మోస్ అను మానవశాస్త్రజ్ఞుడు తమిళదేశమున రామనాథపురము, శివగంగ ప్రాంతముల చెరువులను చూచి 2003లో వ్రాసిన గ్రంథమును ఒక మిత్రుడు నాకు చదివి అర్థము చెప్పెను. చెరువులు గ్రామముల స్వయంప్రేరిత సామరస్యముచేత గాక, రాజులు, పాలెగాండ్రు, ఆలయములు, ఊరిపెద్దలు నడపిన అధికారముచేత నిలిచినవని ఆయన సిద్ధాంతము. మన శాసనములను చదివినవారికి ఇది క్రొత్తమాట కాదు. చెరువు కట్టినవానికి, బాగుచేసినవానికి భూమిలోనో ఫలములోనో పదియవ భాగమిచ్చు దశబంధము అధికారము, ప్రతిఫలము, బాధ్యత మూడును ముడివేసిన ఏర్పాటు. దానిని భక్తి యని మాత్రమే వర్ణించుట మన అలవాటు.

అయితే అధికారమొక్కటే చెరువును నిలిపినదనుట కూడ అసంపూర్ణము. చెరువుతో దినము గడవని జనులు ఊరిలో నలుగడల ఉండుటచేత దానిపై అందఱి కన్నును ఉండెడిది. చాకలివాని బండ అక్కడనే. కుమ్మరికి మన్ను అక్కడనే. ఎండకాలమున నీరు తగ్గగానే రైతులు పూడికమట్టిని బండ్లకెత్తి చేలకు తోలుచుండిరి. ఆ ఒండ్రు ఎరువగుటయు, చెరువు లోతగుటయు ఒకే పని. బెస్తవారికి చేప, పశువులకు నీడయు నీరును, చాపలల్లువారికి తుంగ, భోజనములకు తామరాకు. కట్టమీద మైసమ్మయో గంగమ్మయో లేని చెరువు లేదు. తెలంగాణలో బతుకమ్మను సాగనంపుట చెరువులోనికే. ఆడువారు తొమ్మిది దినములు తంగేడు, గునుగు పూవులకై తిరిగి, సద్దుల నాడు నీటికడకు వచ్చినప్పుడు, చెరువు ఎంత నిండినదో ఊరంతయు ఒకేసారి చూచుచుండెను. ఇది ఎవరును ఏర్పఱుపని తనిఖీ.

వినాయకచవితిని చూడుడు. చెరువుమట్టితో చేసిన ప్రతిమ చెరువులోనే కలియుట అందలి క్రమము. పూజకు కావలసిన ఇరువదియొక్క పత్రములకై పిల్లలు కట్టవెంబడి, గట్లవెంబడి తిరిగి ఉత్తరేణి యేదో, ఉమ్మెత్త యేదో, వావిలి యేదో గుర్తుపట్టుచుండిరి. వృక్షశాస్త్రము ఆ విధముగ వచ్చెడిది. నేడు పత్రి అంగడిలో కట్టగ దొరకును. అందు ఇరువదియొక్కటి ఉన్నవో లేవో లెక్కించువారు లేరు, ఉన్నది ఆ ఆకో కాదో తెలిసినవారు అంతకంటె లేరు. పూజ చేయించు మా వంటివారికే కొన్ని తెలియవు. ప్రతిమ ప్లాస్టరుతో వచ్చినది, చెరువులో కరగదు. ఆచారము నిలిచినది, ఆచారములోని పని జారిపోయినది.

ఈ సంబంధములు ఒకటొకటిగ తెగినవి. రసాయనిక ఎరువు సంచిలో వచ్చుటతో పూడికమట్టికై బండి కట్టువాడు తగ్గెను. గొట్టపుబావులు, విద్యుచ్ఛక్తితో నడచు పంపులు వచ్చుటతో ఆయకట్టు రైతు చెరువు వంక చూచుట మానెను. ఇది అన్నిటికంటె పెద్ద మార్పు. చెరువునీరు పదిమందికి కలిసినది, కావున పంచువాడు కావలెను. గొట్టపుబావి నీరు మీట నొక్కినవానిది, పంచువానితో పని లేదు. నిజమునకు ఆ నీరు కూడ చెరువు ఇంకించినదే. కాని కంటికి కనబడని నీటికి నీరుగంటి ఎట్లుండును? రాష్ట్రమేర్పడిన 1956 నాటికి చెరువుల క్రింది సేద్యము బావుల క్రింది సేద్యముకంటె చాల ఎక్కువ. నేడది తలక్రిందులైనది. అనంతపురమువంటి జిల్లాలలో ఒక బావి ఎండినచో ప్రక్కన ఇంకొకటి, ఇంకను లోతుగ వేయుచు అప్పులపాలైన రైతుల కథలు అందఱెఱిగినవే.

1984లో కరణము, మునసబు పదవులు రద్దైనవి. ఆ పదవులు వంశపారంపర్యముగ కొన్ని కులములయందే ఉండుట అన్యాయమే, రద్దగుట న్యాయమే. కాని నీటితగవు వచ్చినప్పుడు ఊరిలో తీర్పు చెప్పుటకు వేఱు ఏర్పాటు వెంటనే నిలువలేదు. 1997లో సాగునీటి వ్యవస్థలను రైతులకప్పగించు చట్టము చేసి నీటి వినియోగదారుల సంఘములను ఏర్పఱచిరి. అది సదుద్దేశముతో చేసినదే. సంఘమునకు అధ్యక్షుడు వచ్చెను, ఎన్నికలు వచ్చెను, మరమ్మతుల గుత్తలు వచ్చెను. రాత్రి కట్టపై దివిటీ పట్టుకొని తిరుగువాడు మాత్రము చట్టమున లేడు. పోరుమామిళ్ల పట్టికలో వలెనే ఇందును వానికి చోటు దొరకలేదు.

చిత్రమేమనగా, శాసనకర్త షడ్దోషములను స్థలనిర్ణయమునకు చెప్పెను. ఇట్టిచోట చెరువు కట్టకుమని వాని అభిప్రాయము. మనము మంచిచోట కట్టిన చెరువులకు ఆ దోషములను చేతులారా కలిగించితిమి. స్థలము స్వల్పమై నీరు అధికమగుట ఆఱవ దోషము. హైదరాబాదులో చెరువుల శిఖము భూములను పూడ్చి, నీరు వచ్చు కాలువలపై ఇండ్లు కట్టి, దానిని మనమే నిర్మించితిమి. 2020 అక్టోబరు వానలలో కాలనీలు మునిగినప్పుడు కాని అది తెలియలేదు. నీరు స్వల్పమై భూమి అధికమగుట అయిదవది. ఎగువ వాగులను అడ్డగించి, దిగువ ఆయకట్టును కాగితములపై అట్లే ఉంచుట అదియే. ఇక మూడవది, రెండు రాజ్యముల సరిహద్దు. నేడు ఒక చెరువులో నీరు నీటిపారుదల శాఖది, నేల రెవెన్యూ శాఖది, చేప మత్స్యశాఖది, కట్టమీది చెట్టు పంచాయతీది. రెండు రాజ్యముల నడుమ ఉండుటయే దోషమన్న భవదూరుని పండితుడు నాలుగు రాజ్యముల నడుమనున్న చెరువును చూచిన ఏమనునో!

ఈ స్థితిలో తెలంగాణ ప్రభుత్వము 2015లో మిషన్ కాకతీయ యను పేర సుమారు 46 వేల చెరువులను బాగుచేయుటకు పూనుకొనుట పెద్ద పని. ఆంధ్రప్రదేశములోను ఆ సంవత్సరమే నీరు–చెట్టు పథకము సాగినది. వీనిని తక్కువ చేసి మాటాడుట నాకు ఇష్టము లేదు. ఎన్నో యేండ్లకు మత్తడి దుంకిన చెరువులను చూచి ముసలివారు కంటనీరు పెట్టుకొన్నారు. అందులో నాకు మిక్కిలి నచ్చినది, పూడికమట్టిని రైతులు తమ ఖర్చుతో ట్రాక్టర్లపై చేలకు తోలుకొనుట. తెగిన సంబంధములలో ఒకటి, ఆ యేడైనను, మరల ముడిపడెను. కాని పథకమనగా ఒక ఆరంభము, ఒక అంతము, నడుమ ఒక పద్దు. పూడిక ప్రతియేడు వచ్చును. పద్దు ప్రతియేడు రాదు. త్రవ్విన చెరువులో మరల సర్కారుతుమ్మయు, గుఱ్ఱపుడెక్కయు మొలచుటకు ఎవరి అనుమతియు అక్కఱలేదు. కట్టకు తారురోడ్డు వేసి, దీపములు పెట్టి, విహారస్థలము చేసినచోట్ల కూడ తూముకడ ఎవరును లేరు. వెచ్చించిన ధనములో కొలదిభాగమును ప్రతి చెరువునకు ఒక నీరటి నెలజీతమునకు శాశ్వతముగ కేటాయించి, ఆ పనిని కులమునకు గాక నేర్పునకు ఇచ్చి, వానికి ఆయకట్టులో భూమి కూడ ఇచ్చియుండినచో, పథకము యోగముతో ఆగిపోకుండెడిది. ఇది అసాధ్యమని అధికారులు అందురు. వేయిమంది కూలివారిని రెండేండ్లు పోషించుట సాధ్యమై, ఒక్కనిని నూఱేండ్లు పోషించుట అసాధ్యమగుట నాకు బోధపడదు.

ప్రభుత్వమునకు చెప్పుట మన చేతిలోని పని కాదు. మన చేతిలోని పని యొకటి కలదు. ప్రాచ్యకళాశాలలలో శాసనములు, కోశములు చదువుచున్న విద్యార్థులు చాలమంది గ్రామములనుండి వచ్చినవారే. చెరువునుగుఱించిన మాటలు వారి ఇండ్లలో ఇంకను కొన్ని మిగిలియున్నవి. మిగులు నీరు పోవుచోటును కొందఱు అలుగందురు, తెలంగాణమువారు మత్తడి యందురు, సీమలో మరువ యందురు, నెల్లూరి ప్రాంతమున కలుజు అందురు. ఇవి పర్యాయపదములని కోశములో వ్రాసి ఊరకుండుట సులభము. వీని కట్టుబడిలో భేదమున్నదా, నీరు పోవు తీరులో భేదమున్నదా అని చూచినవారు ఎందఱు? మట్టికి ఎన్ని పేర్లు, నీటివంతునకు ఎన్ని పేర్లు, గండికి ఎన్ని పేర్లు ఉన్నవో నేటికిని చెప్పగల నీరుగంటులు డెబ్బది యెనుబది యేండ్లవారు. నాకును ఆ వయసే. కాబట్టి ఎంత కాలము మిగిలినదో నాకు తెలియును. పట్టమునకు సమర్పించు ప్రబంధములలో ఒకదానినైనను 'ప్రబంధములలో జలక్రీడావర్ణనము' నుండి తప్పించి ఇటు మరల్చినచో నష్టము లేదు.

ఇట్టి పరిశ్రమ గ్రామపదకోశమునకే కాక సంస్కృతశాసనార్థమునకును ఆవశ్యకము. పోరుమామిళ్ల శాసనములోని పదునొకండవ అంగమును నేను పైన 'నీరు వెలువడు మార్గము' అని చెప్పితిని. మూలమున అచ్చట 'భ్రమ' శబ్దమున్నది. ఆంగ్లానువాదమున దానికి సుడులను అర్థము గ్రహించిరి; కొండ ఉన్న తీరునుబట్టి బలమైన సుడులుగల ప్రవాహమని తాత్పర్యము. అమరుడు అదే శబ్దమునకు జలనిర్గమమను అర్థము చెప్పెను. ఆ అర్థమున అది కొండను తొలిచి పెట్టిన తూము కావచ్చును. ఏ అర్థము పొసగునో కూర్చుండి తేల్చుటకు నేను చాలమాఱులు ప్రయత్నించితిని. రెండు పక్షములకును వ్యాకరణము అనుకూలించుచున్నది. ఆ చెరువు తూమును తెఱచినవాడు, తెఱచినప్పుడు నీరు సుడి తిరుగునో తిరుగదో, కొండ అంచున ఱాయి ఎట్లు తొలిచియున్నదో చెప్పగలడు. ఈ కార్తీకమున నీరు వదలునాటికి శాసనపాఠమును చేతబట్టుకొని పోరుమామిళ్ల కట్టమీదికి పోయి, వానిని అడిగి, వాడు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని వచ్చు విద్యార్థి యెవడైన ఉన్నచో దారిఖర్చు నేనిత్తును.